రాత్రిపూట అక్స్

మొన్న చాంద్ రాత్‌కి నేనూ మా అబ్బాయీ చార్మినార్ దగ్గర ఉన్నాం. రాత్రి ఒంటిగంట దాటింది. లాడ్ బజార్‌లో కాలు పెట్టే సందు లేదు. గాజుల దుకాణాల బల్బులు, అత్తరు వాసన, బేరాల గోల. వాడు ఫోన్ పైకెత్తి మూడు సెకన్లు కదలకుండా పట్టుకున్నాడు. స్క్రీన్ మీద చార్మినార్ దిగింది. మీనార్ల మీది నగిషీ, కింద తోపుడుబండి మీద సేమ్యా పొట్లాలు, ఆ బండాయన నుదుటి మీద చెమట, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే నా కంటికి అంత బాగా కనిపించలేదు. ఫోన్‌కి కనిపించింది.

"ఇంత ఈజీనా అబ్బా? మరి మీ జమానాలో రాత్రి ఫొటోల్లో అందరూ దయ్యాల్లా ఎందుకుంటారు? మొహం తెల్లగా, వెనక అంతా నల్లగా?"

మంచి సవాల్. జవాబు మాత్రం బండాయన దగ్గర చాయ్ తాగేలోపు అయ్యేది కాదు. దానికి వెయ్యేళ్ల తారీఖ్ ఉంది. అందులో నా కథ కూడా చిన్నది ఒకటి ఉంది. ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది.

ఉర్దూలో ఫొటోని అక్స్ అంటాం. అక్స్ అంటే నీడ, ప్రతిబింబం. ఫొటోగ్రాఫర్ అక్కాస్. వెలుగు లేనిదే అక్స్ లేదు. అందుకే చీకట్లో ఫొటో అనే మాటలోనే పేచీ ఉంది. ఆ పేచీని మొదట తేల్చుకున్నవాడు కెమెరా పుట్టక ముందువాడు.

మా ఉర్దూ మీడియం బడిలో సైన్స్ ఉస్తాద్ ఒకాయన ఉండేవారు. వెలుగు పాఠం రాగానే కిటికీలు మూయించి, తలుపు సందులోంచి పడే ఎండ గీతను చూపించి ఇబ్నుల్ హైసమ్ పేరు చెప్పేవారు. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన పండితుడు ఆయన. పదకొండో శతాబ్దంలో 'కితాబుల్ మనాజిర్' రాశారు. అందులో దీపాల తజుర్బా ఒకటి ఉంది. ఒక చీకటి గది. దానికి ఒక చిన్న రంధ్రం. రంధ్రానికి అవతల వేర్వేరు చోట్ల కొన్ని చిరాగులు. గదిలో గోడ మీద ఎన్ని చిరాగులో అన్ని వెలుగు మచ్చలు విడివిడిగా పడతాయి. ఒక చిరాగును మూస్తే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుంది. తీస్తే మళ్లీ వస్తుంది. అంటే అన్ని వెలుగులూ ఒకే రంధ్రంలోంచి దూరినా ఒకదాన్నొకటి చెడగొట్టుకోవు, ఎవరి దారిన అవి తిన్నగా పోతాయి. కెమెరా చేసే పనంతా ఇదే. ఆయన దాన్ని చూసింది చీకట్లో, దీపాలతో.

ఇక్కడ ఒక మాట. కెమెరా అనే పదం అరబీ 'ఖమ్రా' నుంచి వచ్చిందని, అది కూడా ఇబ్నుల్ హైసమ్ పెట్టిన పేరేనని మనవాళ్లు వాట్సాప్‌లో తెగ పంపుకుంటారు. కాదు భాయ్. కెమెరా లాటిన్ మాట, గది అని అర్థం. 'కెమెరా అబ్స్క్యూరా' అంటే చీకటి గది. మనం ఇంట్లో రోజూ వాడే 'కమ్రా' కూడా పోర్చుగీసువాళ్ల నోటి మీదుగా మనదాకా వచ్చిన ఆ లాటిన్ మాటే. ఇబ్నుల్ హైసమ్ గొప్పతనం నిలబడటానికి ఈ అబద్ధపు సాయం అక్కర్లేదు.

గోడ మీద పడిన అక్స్‌ను అక్కడే పట్టి నిలపడానికి ఇంకో ఎనిమిది వందల ఏళ్లు పట్టింది. 1839లో పారిస్‌లో దగెర్ పద్ధతి లోకానికి తెలిసింది. దానికి పట్టపగటి ఎండ కావాలి, నిమిషాలకు నిమిషాలు కావాలి. అంతకు ఏడాది ముందు ఆయన తన కిటికీలోంచి తీసిన పారిస్ వీధి ఫొటో చూడండి. రద్దీగా ఉండే బజారు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీగా ఉంటుంది. జనం లేక కాదు. కదిలేవాళ్లు ఎవరూ ప్లేటు మీద నిలవలేదు. బూటు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ ఒక మనిషి మాత్రం మిగిలాడు. పగలే ఇట్లా ఉంటే ఇక రాత్రి సంగతి చెప్పేదేముంది?

రాత్రిని గెలవాలనుకున్న తొలివాళ్లలో ఒకాయన నాదార్. పారిస్‌లో పేరు మోసిన అక్కాస్. 1861 ప్రాంతంలో ఆయన బ్యాటరీల కరెంటు దీపాలు మోసుకుని ఆ నగరం కింద ఉన్న సొరంగాల్లోకి దిగాడు. పాత ఖబరస్తాన్‌ల నుంచి తెచ్చిన ఎముకలను అక్కడ గోడల్లా పేర్చి ఉంచారు. ఒక్కో ఫొటోకి పద్దెనిమిది నిమిషాల దాకా పట్టింది. ఎముకలు కదలవు కాబట్టి వాటితో తంటా లేదు. ఎముకల బండి తోసే కూలీని చూపించాలంటేనే చిక్కు. బతికున్న మనిషి అంతసేపు బిగుసుకుని నిలబడలేడు. అందుకని నాదార్ బొమ్మకి కూలీ బట్టలు తొడిగి నిలబెట్టాడు. చీకట్లో తీసిన ఆ తొలి ఫొటోల్లో ఉన్నది చనిపోయినవాళ్లు, బొమ్మలు.

బతికినవాళ్లను చీకట్లో పట్టుకునే దారి 1887లో జర్మనీలో దొరికింది. మీథె, గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ లాంటివి కలిపి ఒక మందు చేశారు. నిప్పు తగిలితే భగ్గున ఒక్క క్షణం మండుతుంది. ఆ క్షణం చాలు. అదే ఫ్లాష్ పౌడర్. ఒకరకంగా బారుద్‌కి చుట్టం. పొరపాటున చేతులు కాలేవి, పరదాలు అంటుకునేవి, గదంతా తెల్లటి పొగ నిండేది.

మా అబ్బాయి సవాల్‌కి జవాబు ఇక్కడే ఉంది. ఫ్లాష్ వెలుగు కెమెరా పక్కనే పుడుతుంది. దూరం రెట్టింపయితే దాని బలం నాలుగో వంతుకి పడిపోతుంది. మూడడుగుల దూరంలో ఉన్న మొహం మీద నూరు పాళ్లు పడితే, పన్నెండడుగుల దూరంలో ఉన్న గోడకి ఆరు పాళ్లే చేరుతుంది. మొహానికి సరిపడా సెట్ చేస్తే వెనకంతా బొగ్గు. ఒక్క మనిషి చీకట్లోంచి బయటికి లాగినట్టు ఉంటాడు. 'లాగినట్టు' అనే మాట ఊరికే రాయలేదు.

ఆ పౌడర్ సంగతి న్యూయార్క్ పత్రికలో చదివి ఎగిరి గంతేసిన జర్నలిస్టు జేకబ్ రీస్. డెన్మార్క్ నుంచి 1870లో అమెరికా వచ్చిన వలస మనిషి. పని దొరకని రోజుల్లో తనూ పోలీసు స్టేషన్ల ఉచిత బసల్లో నేల మీద పడుకున్నాడు. తర్వాత క్రైమ్ రిపోర్టర్ అయ్యాడు. పేదల ఇరుకు గదుల గురించి ఎంత రాసినా ఎవరూ పట్టించుకోవడం లేదని, కళ్లకు చూపించాలని పంతం పట్టాడు. అర్ధరాత్రి ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని గదుల్లోకి దూరేవాడు. మొదట్లో ఫ్లాష్ మందును పిస్తోలు లాంటి దాంతో పేల్చేవాడు. జనం హడలి కిటికీల్లోంచి పారిపోయేవాళ్లట. తర్వాత వంట పెనంలో పోసి వెలిగించాడు. ఒకసారి గుడ్డి బిచ్చగాళ్లున్న గదిలో ఆయన ఫ్లాష్ వల్లే గోడకి నిప్పంటుకుంది, తనే ఆర్పాడు.

ఆయన 1889 నాటి ఫొటో ఒకటి మీరు ఎక్కడో చూసే ఉంటారు. ఐదు సెంట్లిచ్చి చోటు కొనుక్కుని ఒక గదిలో కిక్కిరిసి పడుకున్న మనుషులు. నిద్రలోంచి అప్పుడే లేచి, వెలుగుకి కళ్లు చికిలించి, ఏం జరుగుతోందో అర్థం కాక చూస్తున్న మొహాలు. ఆ మొహాల్లో పేదరికం ఎంత ఉందో, ఆ ఫ్లాష్ దెబ్బ ఎంత ఉందో విడదీయడం కష్టం.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. ఆ ఫొటోలున్న ఆయన పుస్తకం 1890లో వచ్చింది. లోకం చూసింది. ఆయన దోస్త్ థియడోర్ రూజ్‌వెల్ట్ పోలీసు కమిషనర్ అయ్యాక 1896లో ఆ మురికి పోలీసు బసలను మూయించాడు. రీస్ చేసిన మేలు మేలే. కానీ ఆ గదిలో ఒక్కరి ఇజాజత్ కూడా ఆయన అడగలేదు. మేలు చేయబోతున్నవాడు అడగక్కర్లేదనే అలవాటు మా వృత్తికి ఆ రోజుల్లోనే పట్టుకుంది.

అదే కాలంలో మన హైదరాబాద్‌లో ఏం జరుగుతోంది? రాజా దీన్‌దయాళ్ ఇక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు అక్కాస్. నిజాం ఆయనకిచ్చిన ఖితాబు 'ముసవ్విర్ జంగ్'. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. కెమెరా పట్టినవాడికి సిపాయి ఖితాబు! అయితే దీన్‌దయాళ్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది ఆయన 1892లో ఇక్కడ తెరిచిన జనానా స్టూడియో. పర్దాలో ఉండే స్త్రీల కోసం. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫొటో తీసేది కెనీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళ, ఆమెకు సాయం చేసేవాళ్లూ స్త్రీలే. మగవాళ్లకు ప్రవేశం లేదు.

పర్దాకీ తస్వీర్‌కీ పడదని చాలామంది అనుకుంటారు. ఆ గోడల లోపల రెండూ కలిసే ఉన్నాయి. ఎందుకంటే పర్దా తాడు ఆ స్త్రీల చేతిలోనే ఉంది. రావాలనుకున్నవాళ్లు వచ్చారు, ఎలా కూర్చోవాలో చూసుకున్నారు, ఎవరి నజర్ పడాలో తెలిసే వచ్చారు. న్యూయార్క్‌లో తలుపు తోసుకుని ఫ్లాష్ పేల్చిన జమానాలోనే హైదరాబాద్‌లో ఒక గోడ కట్టి ఫొటో తీశారు. పెద్దింటి స్త్రీలు కాబట్టి కట్టారు, అది కూడా నిజం. పేదవాడి నిద్రకి గోడ ఎవరు కడతారు?

ఆ రోజుల్లో రాత్రి ఎంత గట్టి పర్దానో చెప్పడానికి మన దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. 1908 సెప్టెంబర్ 27, 28ల మధ్య రాత్రి మూసీ పొంగి షహర్‌ను ముంచేసింది. తెల్లారాక కూలిన ఇళ్లు, తెగిన వంతెనలు కెమెరాలకు చిక్కాయి. ఆ శిథిలాల ఫొటోలు ఇప్పుడు నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. కానీ వానలో, చీకట్లో, పరిగెత్తే నీళ్లను పట్టే సామాను ఆ కాలంలో లేదు. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టు దాదాపు 150 మంది ప్రాణాలు కాపాడింది. ఆ కొమ్మల మీద జనం ఎలా వేలాడారో మనం ఊహించుకోవడమే. ఆ రాత్రి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. తర్వాత 'ఖయామతె సుగ్రా' అనే నజ్మ్ రాశాడు. చిన్న ప్రళయం అని అర్థం. మూసీ రాత్రికి మనకున్న అక్స్ ఆ నజ్మే. కెమెరాకి అందనిది షాయర్ కంటికి అందింది. అది బయటివాడు తీసింది కాదు. నీళ్లలో మునిగి తేలినవాడు రాసింది.

తర్వాత ఇరవై ముప్పై ఏళ్లలో లెన్సులు పెద్దవయ్యాయి, ఫిల్ము చురుకైంది. ఫ్లాష్ లేకుండా చీకట్లో తీయడం కుదిరింది. ఆ దారిలో నడిచిన ఇద్దరి గురించి చెప్పాలి.

ఒకరు ఎరిష్ సాలమన్, బెర్లిన్ మనిషి. 1924లో జర్మనీలో ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా వచ్చింది. ఆ రోజులకి దాని లెన్సు అంత వెలుగు తాగేది ఇంకోటి లేదు. సాలమన్ దాన్ని టోపీలోనూ పెట్టెలోనూ దాచుకుని కోర్టుల్లోకి, మంత్రుల సమావేశాల్లోకి వెళ్లేవాడు. 1930లో హేగ్ నగరంలో అర్ధరాత్రి దాటాక బేరసారాలు తెగక సోఫాల్లో వాలిపోయిన మంత్రుల ఫొటో ఆయనదే. ఇజాజత్ అడిగాడా? లేదు. మరి రీస్ మీద పెట్టిన నేరం ఆయన మీద ఎందుకు పెట్టను? దీని మీద చాలా ఆలోచించాను. ఆ మంత్రులు మేలుకున్నా, కునుకు తీసినా కోట్లమంది బతుకులు తేలే గది అది. అక్కడికి ఒక కన్ను వెళ్లడం జనం హక్. ఫొటో వచ్చినందువల్ల వాళ్ల కుర్చీలేం పోలేదు. ఐదు సెంట్ల చోటులో పడుకున్నవాడికి ఆ చోటు తప్ప ఇంకేం లేదు. పైవాడిని దాచిన కెమెరాతో తీయడం, కిందివాడిని ఫ్లాష్‌తో లేపి తీయడం రెండూ ఒకటి కావు. సాలమన్ యూదుడు. నాజీల నుంచి తప్పించుకోవడానికి హాలండ్ వెళ్లినా వదల్లేదు. 1944లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు.

రెండో ఆయన బ్రస్సాయ్. అసలు పేరు గ్యులా హలాస్. తను పుట్టిన బ్రస్సో ఊరి పేరునే పెట్టుకున్నాడు. పారిస్ రాత్రుల మీద ఆయన పుస్తకం 1933లో వచ్చింది. మూడు కాళ్ల స్టాండు, చిన్న ప్లేట్ల కెమెరా, జేబులో సిగరెట్లు. షట్టర్ తెరిచి సిగరెట్ వెలిగించేవాడు. అది అయిపోతే ఫొటో అయినట్టు. చీకటి ఎక్కువైతే పెద్ద సిగరెట్. తడిసిన రాళ్ల బాట, మంచులో మసకబారిన దీపం, అవే ఆయనకి వెలుగు. అంటే అక్కడున్న రౌషనీతోనే సరిపెట్టుకుని సబర్ చేశాడు. ఇంటి లోపల, మందు దుకాణాల్లో ఆయనా మెగ్నీషియం వెలిగించాడు. అయితే ముందు ఆ మనుషులతో కూర్చున్నాడు, మాట కలిపాడు, వాళ్లకు తెలిసేలా తీశాడు. అందుకే నేను సామానుని తప్పు పట్టను. ఫ్లాష్ హరామూ కాదు, చీకటి ముబారకూ కాదు. వెలుగు వేసే ముందు నోరు తెరిచి ఒక మాట అడిగామా లేదా అనేదే తేడా.

ఈ తేడా నాకు పుస్తకాల్లోంచి తెలియలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తెలుగు డిగ్రీ చేతిలో పట్టుకుని ఓ తెలుగు దినపత్రికలో కొత్తగా చేరాను. ఉర్దూ మీడియంవాడికి తెలుగు రాతేమిటని నవ్వేవాళ్లకు జవాబివ్వాలని తహతహ. ఆదిలాబాద్‌లో డ్యూటీ. ఆ జిల్లా చలి మీకు తెలిసిందే. డిసెంబర్ రాగానే డెస్క్ నుంచి ఒకటే కేక, 'చలి ఫొటో పంపండి' అని. ఆఫీసు కెమెరా, దాని నెత్తిన ఫ్లాష్ గన్, లోపల 400 స్పీడ్ రంగుల ఫిల్ము. రాత్రి పదకొండున్నరకి బస్టాండ్ పక్క దుకాణాల వరసలోకి వెళ్లాను. షట్టర్ ముందు మెట్టు మీద ఒక పెద్దాయన గోనెసంచి కప్పుకుని ముడుచుకుని పడుకున్నాడు. నాలుగడుగుల దూరంలో కూర్చుని నొక్కాను. వెలుగు పడగానే ఆయన ఉలిక్కిపడి లేచి చేయి అడ్డం పెట్టుకున్నాడు. చేయి పెట్టేలోపు నేను రెండోది కూడా నొక్కాను. రెండోదే బాగా వచ్చింది. అదే అచ్చయింది, నాలుగు కాలాల్లో. డెస్క్ వాళ్లు శభాష్ అన్నారు.

రెండు రోజుల తర్వాత ఆయన మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. కోపంగా వచ్చి ఉంటే బాగుండేది.

"గా ఫొటో తీసింది నువ్వేనా బిడ్డా?"

అవునన్నాను.

"మా బిడ్డ అత్తగారింటోళ్లు సూసిండ్రు. హోటల్ల పని దొరికింది, పండనీకి రూము గూడ ఇచ్చిండ్రని జెప్పుకున్న. నా బతుకుదేమున్నది, ఎట్లనో ఎల్తది. గామె తల ఎట్ల ఎత్తుకోవాలె ఇప్పుడు?"

నా దగ్గర మాట లేదు. చాయ్ తాగమన్నాను. వద్దన్నాడు. గోడకున్న పేపర్ల కట్టల వైపు ఒకసారి చూసి దిగి వెళ్లిపోయాడు. ఆ ఫొటో వచ్చాక ఎవరో రగ్గులు పంచారని మా పేపర్లోనే వార్త వచ్చింది. పంచే రోజు నేను ఆ దుకాణాల వరసకి వెళ్లాను. ఆయన ఆ మెట్టు మీద లేడు. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు.

చిన్నప్పుడు ఇషా నమాజ్ అయ్యాక ఎవరింటి తలుపు తెరిచున్నా లోపలికి చూడొద్దని అమ్మీ చెవి మెలేసేది. రాత్రి అందరికీ పర్దా అనేది. ఉన్నవాడికి గోడలున్నాయి. లేనివాడికి అల్లా ఇచ్చిన గోడ చీకటే. ఆ గోడని నేను ఒక్క బటన్‌తో కూల్చాను.

ఇప్పుడు ఆ గోడ ఇంకా పలచనైంది. 2018, 2019 నుంచి ఫోన్లలో నైట్ మోడ్ వచ్చింది. చేయి వణికినా బాధ లేదు. ఫోన్ వరసగా బోలెడు ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, మచ్చలు తుడిచి, ఒక్కటిగా చేస్తుంది. వీధి కెమెరాలు కంటికి కనపడని కిరణాలతో రాత్రంతా చూస్తూనే ఉంటాయి. రీస్ కాలంలో కనీసం ఫ్లాష్ భగ్గుమనేది. తనను తీస్తున్నారని మనిషికి తెలిసేది, చేయి అడ్డం పెట్టుకునేవాడు. ఇప్పుడు ఆ మోఖా కూడా లేదు. ఖామోషీగా అయిపోతుంది. సామాను ఇంత బాగుపడ్డాక, ఆగడం అనేది తీసేవాడి చేతిలోనే మిగిలింది.

చాంద్ రాత్ నాడు ఇంటికి తిరిగొస్తుంటే రెండు దాటింది. పత్తర్‌గట్టీలో మూసిన దుకాణాల ముందు హమాలీలు దుప్పట్లు కప్పుకుని వరసగా పడుకున్నారు. పండగ లైట్లు వాళ్ల మీద ఎరుపూ పచ్చా మారుతున్నాయి. మా అబ్బాయి ఆగి ఫోన్ తీశాడు. నిజంగానే అందమైన ఫ్రేము. నేను వాడి చేతి మీద చేయి వేశాను. అప్పుడే మొదటిసారి వాడికి ఆ పెద్దాయన సంగతి చెప్పాను. వాడు అంతా విని ఫోన్ జేబులో పెట్టుకుని అడిగాడు.

"ఆయన పేరేంటి అబ్బా?"

తెలీదు. మెట్టు మీద నేను అడగలేదు. ఆఫీసుకి వచ్చినప్పుడూ అడగలేదు. ఫొటో కింద 'చలికి వణుకుతున్న ఓ వృద్ధుడు' అని రాసి పంపాను.